ఇంటర్నెట్టు మీద ఫోను మాట: పొలంలో దాని మేలు, దాని హద్దు



ఈ పూట నేను విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని మాట్లాడబోవడం లేదు. వాటిని గురించి మనం ఒకరితో ఒకరం మాట్లాడుకునే సాధనాన్ని గురించి, అంటే మన చేతిలోని సెల్‌ఫోనును గురించి చెప్పదలచాను. అందులోను ముఖ్యంగా ఇంటర్నెట్టు మీదుగా పోయే మాటను గురించి. వ్యవసాయ ప్రసంగంలో ఇదేమిటని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను, వినండి.

ఒక మిరప రైతు పొలంలో నిలబడి, ఇంటర్నెట్టు మీద పనిచేసే యాప్ ద్వారా నాకు ఫోను చేశాడు. కెమెరా పెట్టి ఆకు ముడతను చూపించాడు. నేను చూచి, ఏ మందు కొట్టవలెనో చెప్పాను. "ట్యాంకుకు ఎంత పొయ్యమంటారు సారూ?" అని అడిగాడు. "ఇరవై మిల్లీలీటర్లు" అన్నాను. మాట తెగి తెగి పోతున్నది. "సరే సారూ, ఉంటా" అన్నాడు. ఎందుకో నాకు అనుమానం తగిలి, "ఆగండి, ఎంత అన్నాను?" అని అడిగాను. "అరవై అన్నారు గదా!" అన్నాడు.

ఇరవైకీ అరవైకీ మన భాషలో మొదటి అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరమే దారిలో పోయింది. మిగిలిన "రవై" చేరింది. మూడింతల మందు కొడితే తోట మాడవచ్చు, డబ్బు దండగ, పైగా కొట్టే మనిషికి ప్రమాదం. ఇందులో ఆయన తప్పు లేదు, నా తప్పూ లేదు. మాట పోయే దారి స్వభావమే అటువంటిది. ఆ స్వభావం తెలుసుకొని వాడుకుంటే ఈ సాధనం వలన ఎంతో మేలు. తెలియక గుడ్డిగా నమ్మితే నష్టం. నేను చెప్పదలచిన సంగతి ఇంతే. ఇక వివరాలలోకి పోదాం.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

మన దేశంలో సెల్‌ఫోను సేవ 1995 జూలై 31న మొదలైనది. ఆనాటి నుండి చాలా కాలం ఫోను మాట పాత పద్ధతిలోనే నడిచింది. అదెట్లాగంటే, మీరు ఒకరికి ఫోను చేయగానే మీ ఇద్దరి మధ్య ఒక దారిని పూర్తిగా మీకే కేటాయించేవారు. కాలువ మీద మీ వంతు వచ్చినప్పుడు బోదె అంతా మీదే అయినట్లు. మీరు మాట్లాడినా ఆ దారి మీదే, ఊరకున్నా మీదే. అందువలన మాట నిలకడగా పోయేది. కాని దారి చాలాసేపు ఖాళీగా ఉండి వృథా అయ్యేది.

కొత్త పద్ధతిలో ఎవరికీ సొంత దారి లేదు. అందరికీ ఒకటే రహదారి. మీ మాటను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క సంచిలో కట్టి, సంచి మీద చేరవలసిన చిరునామా, వరుస సంఖ్య వేసి రహదారి మీదకు పంపుతారు. అదే రహదారి మీద సినిమాలు పోతుంటాయి, ఫోటోలు పోతుంటాయి, బ్యాంకు లెక్కలు పోతుంటాయి. అవతలి ఫోను ఆ సంచులను అందుకొని, వరుస సంఖ్య ప్రకారం పేర్చి, మళ్ళీ మాటగా చేసి వినిపిస్తుంది. ఇట్లా మాటను ముక్కలుగా పంపే ప్రయోగం అమెరికాలో 1974లోనే జరిగింది. మామూలు జనానికి 1995 తరువాత కంప్యూటర్ల మీద అందుబాటులోకి వచ్చింది. 2015లో వాట్సాప్ మాట్లాడే సదుపాయం ఇచ్చిన తరువాత మన పల్లెలకు బాగా చేరింది. గల్ఫులో ఉన్న కొడుకు ముఖం చూస్తూ తల్లి మాట్లాడుతున్నదంటే అది ఈ పద్ధతి చలవే.

మాటను కొలిచే లెక్క

మాట ముక్కలయ్యే లెక్కను కొంచెం చెబుతాను. కష్టమైనదేమీ కాదు.

మన గొంతును ఫోను సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క కొలతను ఒక బైటుగా, అంటే ఎనిమిది బిట్లుగా రాసుకుంటుంది. అంటే సెకను మాటకు 64,000 బిట్లు. ఫోను భాషలో దీనిని 64 కిలోబిట్లు అంటారు. ఇది టెలిఫోను వారు చిరకాలంగా వాడిన కొలత. సాధారణంగా సెకనులో 50వ వంతు, అంటే 20 మిల్లీసెకన్ల మాటను ఒక సంచిలో కడతారు. ఆ సంచిలో మాట 160 బైట్లు, దాని మీద చిరునామా చీటీల బరువు 40 బైట్లు. సెకనుకు ఇటువంటి సంచులు 50 పోవలెను. అవతలి వారి మాట మోస్తూ 50 రావలెను.

ఇప్పటి ఫోనులు మాటను ఇంకా నొక్కి, బరువు తగ్గించి కడుతున్నాయి. పత్తిని బేలు కట్టినట్లు అనుకోండి. 64 కిలోబిట్ల మాటను 24 కిలోబిట్లకు, అంతకు తక్కువకు కూడా నొక్కవచ్చును. అయితే చీటీల బరువు మాత్రం సంచికి 40 బైట్లు ఉండనే ఉంటుంది. అందుచేత 24 కిలోబిట్ల మాటకు చీటీలతో కలిపి 40 కిలోబిట్ల దారి కావాలి. పోవడానికి అంత, రావడానికి అంత.

పోయిన సంచి తిరిగి రాదు

ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. మీరు ఒక ఫోటో పంపినప్పుడు దారిలో ఒక సంచి పోయిందనుకోండి. అవతలి ఫోను "ఫలానా సంఖ్య గల సంచి అందలేదు, మళ్ళీ పంపండి" అని అడుగుతుంది. రెండవసారి వస్తుంది. ఫోటో ఆలస్యంగా వచ్చినా సరిగా వస్తుంది. లిఖిత సందేశం కూడా అంతే.

మాట విషయంలో సాధారణంగా అట్లా అడగరు. ఎందుకంటే ఆ సంచి మళ్ళీ వచ్చేసరికి మాట ముందుకు సాగిపోయి ఉంటుంది. కల్లం ఎత్తేసిన తరువాత వచ్చిన బండి ఎందుకు పనికివస్తుంది? అందుచేత పోయిన ముక్కను వదిలేసి, దాని ముందు వెనుకల శబ్దాన్ని సాగదీసి ఫోనే అతుకు వేస్తుంది. ఒక సంచి పోతే మన చెవికి తెలియనే తెలియదు. వరుసగా నాలుగైదు సంచులు పోతే సెకనులో పదవ వంతు మాట పోయినట్లు. ఒక పొట్టి అక్షరం పలకడానికి ఇంచుమించు అంత కాలమే పడుతుంది. "ఇరవై"లోని "ఇ" పోయింది ఇట్లాగే.

రెండవ చిక్కు ఆలస్యం. సంచులన్నీ ఒకే వేగంతో రావు. కొన్ని గబగబా వస్తాయి, కొన్ని దారిలో ఆగి వస్తాయి. దీనికి ఫోను ఒక ఉపాయం చేస్తుంది. మోటారు నీరు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా పోస్తుంటే మనం తొట్టి కట్టి, తొట్టిలోనుండి బోదెకు నిలకడగా వదులుతాము గదా! ఫోను కూడా వచ్చిన సంచులను కొద్దిసేపు తన తొట్టిలో నిలవపెట్టి, అక్కడినుండి సమంగా వినిపిస్తుంది. తొట్టి పెద్దదైతే మాట నిలకడగా ఉంటుంది గాని ఆలస్యం పెరుగుతుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించకుండా ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం సమితి ప్రమాణం. అది 400 దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగటం మొదలవుతుంది. మీకు ఇది అనుభవమే.

మూడు దారులు

ఇంటర్నెట్టు పద్ధతిలో మాట పోవడానికి మన ఫోనులో మూడు దారులున్నాయి. మూడూ ఒకటి కావు. తేడా గమనించండి.

మొదటిది యాప్ దారి. వాట్సాప్ వంటి యాప్‌లలో మాట్లాడటం. దీనికి డేటా ఆన్ చేసి ఉండాలి, అవతలి వారికీ అదే యాప్ ఉండాలి. రహదారి మీద ఈ సంచులకు ప్రత్యేకమైన మర్యాద ఏమీ లేదు. పక్కింటి కుర్రవాడు చూసే సినిమా సంచులతో పాటే ఇవీ వరుసలో నిలబడాలి.

రెండవది వోల్టీ దారి. ఇది 4జీ టవరు మీద నడిచే మామూలు ఫోను మాట. మీరు నంబరు నొక్కి ఎప్పటిలాగే ఫోను చేస్తారు. లోపల మాత్రం మాట ముక్కలుగానే పోతుంది. ఎందుకంటే 4జీలో పాతకాలపు సొంత దారి అనేది అసలు లేదు. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో వారు కేవలం 4జీ మీదనే సేవ ప్రారంభించినప్పటి నుండి ఇది ఇంటింటికీ వచ్చినది. యాప్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, తిరునాళ్ళ గుంపులో దేవుని పల్లకికి దారి ఇచ్చినట్లు, టవరు ఈ మాట సంచులకు ముందు దారి ఇస్తుంది, ఇంత వెడల్పు అని దారిని హామీగా ఉంచుతుంది. మీరు డేటా ఆపివేసినా వోల్టీ మాట పోతుంది. మీ డేటా లెక్కలో అది పడదు.

మూడవది వైఫై కాలింగ్. మన దేశంలో 2019 డిసెంబరులో, 2020 జనవరిలో పెద్ద కంపెనీలు దీనిని మొదలుపెట్టాయి. టవరు సిగ్నల్ అందని గదిలో, ఇంట్లో ఉన్న వైఫై మీదుగా మామూలు నంబరుతోనే మాట్లాడవచ్చును. అవతలి వారికి యాప్ అక్కర లేదు, బటన్ ఫోనైనా సరే. వైఫై దాటి బయటకు నడిస్తే, ఫోను, కంపెనీ రెండూ ఒప్పుకుంటే, మాట తెగకుండా వోల్టీకి మారుతుంది. యాప్ మాట అయితే వైఫైనుండి డేటాకు మారేటప్పుడు కాసేపు తెగి, మళ్ళీ అతుక్కుంటుంది, ఒక్కొక్కసారి పూర్తిగా పోతుంది. రైతు ఇంట్లోనుండి పొలానికి నడుస్తూ మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ దారి?

సోదరులారా, ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ చెప్పండి. పాము కరిచినా, కరెంటు కొట్టినా, మందు కొడుతూ మనిషి పడిపోయినా యాప్ తెరవవద్దు. మామూలు డయలులోనే 108 గాని 112 గాని నొక్కండి. 108 అంబులెన్సు సేవ మొదలైనది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2005 ఆగస్టు 15న. 112 అన్ని అత్యవసరాలకు ఒకటే నంబరు. ఇవి వాట్సాప్ వంటి యాప్‌లలో పోవు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, మరొక కంపెనీ టవరు అందుతుంటే 112 పిలుపును ఫోను దాని మీదుగా పంపడానికి ప్రయత్నిస్తుంది. కనుక గీతలు కనబడలేదని ఊరకుండవద్దు.

వైఫై కాలింగ్ మీద ఈ నంబర్లు చేసినప్పుడు మీరున్న చోటు అవతలి వారికి సరిగా తెలియకపోవచ్చు. అందుచేత ముందుగా ఊరు, మండలం, దగ్గరలోని గుడి గాని చెరువు గాని చెప్పి, తరువాత జరిగింది చెప్పండి. మాట తెగినా చోటు చేరి ఉంటుంది.

అట్లాగే కిసాన్ కాల్ సెంటరు. 2004 జనవరి 21న మొదలైన ఈ సేవ నంబరు 1800-180-1551. ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులోనే సలహా చెబుతారు, ఖర్చు లేదు. ఇది కూడా మామూలు డయలు నంబరే.

మరి యాప్ ఎందుకు? ఆకును చూపించడానికి, పురుగును చూపించడానికి, పది మంది రైతులు ఒకేసారి కలిసి మాట్లాడుకోవడానికి దానికి మించిన సాధనం లేదు. దేని పని దానికి ఉన్నది. నాగలితో చేసే పని గుంటకతో చేయము గదా!

డేటా ఖర్చు

"యాప్‌లో మాట్లాడితే ఉచితమే గదా" అని చాలామంది అనుకుంటారు. ఉచితం కాదు, డేటాలోనుండి పోతుంది. ఇందాకటి లెక్క ప్రకారం 40 కిలోబిట్ల మాటకు నిమిషానికి ఒకవైపు 300 కిలోబైట్లు, రెండు వైపులా కలిపి 600 కిలోబైట్లు. గంట మాట్లాడితే సుమారు 36 మెగాబైట్లు. రోజుకు ఒకటిన్నర జీబీ ఉన్నవారికి ఇది లెక్కలోనిది కాదు. వీడియో పెడితే మాత్రం ఇందుకు పదింతలకు పైగా పోతుంది.

రోజువారీ డేటా అయిపోయిన తరువాత వేగాన్ని 64 కిలోబిట్లకు తగ్గించే పథకాలు చాలా ఉన్నాయి. ఆ వేగంలో వీడియో నడవదు. ఒట్టి మాటకు 40 కావాలి గనుక చాలునని తోస్తుంది గాని, వెనుక మరొక యాప్ కాస్త డేటా లాగితే చాలు, మాట ముక్కలవుతుంది. రాత్రి పిల్లలు సినిమా చూసిన తరువాత సాయంత్రం మాట్లాడిన యాప్ పనిచేయడం లేదని ఫోనును తిట్టవద్దు.

విస్తరణ ఉద్యోగులకు: గ్రామంలో ఏర్పాటు చేసే విధం

ఇప్పుడు నా తోటి ఉద్యోగులకు కొన్ని మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం గాని, తెలంగాణలో రైతు వేదిక గాని, రైతులు ఫోను మీద సలహా అడిగే స్థలంగా చేయాలంటే ముందుగా నాలుగు పనులు చేయండి.

ఒకటి, సిగ్నల్ కొలవండి. గీతలను నమ్మవద్దు. ఫోను సెట్టింగ్సులో ఫోను వివరాలు, అందులో సిమ్ స్థితి అని ఉంటుంది. అక్కడ సిగ్నల్ బలం మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 గాని, మైనస్ 80 గాని ఉంటే బాగున్నట్లు. మైనస్ 110 దాటి 115, 120 అంటే బలహీనం. అక్కడ మాట తెగుతుంది. ఊరిలో, మెరకలో, పల్లంలో, గుట్ట వెనుక, తోటల మధ్య కొలిచి, ఏ కంపెనీ సిమ్ ఎక్కడ అందుతుందో గోడ మీద పటం గీయండి. "ఈ పల్లంలో ఫోను అందదు, ఆ గట్టు మీదకు వస్తే అందుతుంది" అని రైతుకు ముందే తెలిస్తే ఆపదలో వెతుక్కోడు.

అయితే బలం ఒక్కటే చాలదు. రాత్రి ఏడు గంటల నుండి పది వరకు ఊరంతా ఫోనులు చూస్తుంటారు. అప్పుడు సిగ్నల్ నిండుగా ఉన్నా, కాలువ చివరి భూములకు నీరందనట్లు, మీ సంచులకు దారి దొరకదు. కనుక యాప్ మీద రైతుల సమావేశాలు పెట్టేటప్పుడు ఉదయం పూట పెట్టడం మంచిది.

రెండు, ఫోనులను చూడండి. 4జీ ఫోనైనంత మాత్రాన వోల్టీ ఉందని కాదు. సెట్టింగ్సులో వోల్టీని, వైఫై కాలింగును ఆన్ చేయించండి. పరీక్ష సులువు. ఒక ఫోను చేసి, మాట్లాడుతూ ఉండగానే పైన గుర్తు చూడండి. 4జీ అట్లాగే ఉంటే వోల్టీ పనిచేస్తున్నది. 2జీకి పడిపోతే లేనట్లు. 2జీ మాత్రమే ఉన్న పాత బటన్ ఫోనులు కేవలం 4జీ, 5జీ నడిపే కంపెనీ సిమ్‌తో పనిచేయవు. 2జీ కూడా ఉంచిన కంపెనీ సిమ్ అయితే 4జీ అందని చోట మాట పాత దారికి దిగి పోతుంది. రైతు సిమ్ మార్చుకునేటప్పుడు ఈ తేడా చెప్పండి.

మూడు, కేంద్రంలోని వైఫైని లెక్క ప్రకారం పెట్టుకోండి. ఒక మాటకు ఎక్కువలో ఎక్కువ 100 కిలోబిట్లు అనుకుంటే, పది మాటలకు ఒక మెగాబిట్ కావాలి. అయితే రావడానికి ఎంత వేగం ఉందో పోవడానికీ అంత కావాలి. చాలామంది దిగుమతి వేగం ఒక్కటే చూస్తారు. మీ మాట అవతలి వారికి వినబడాలంటే ఎగుమతి వేగం ముఖ్యం. రౌటరును ఇనుప బీరువా వెనుక పెట్టవద్దు, ఎత్తున, తెరిపిలో పెట్టండి. 2.4 గిగాహెర్ట్జు వైఫై గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జుది వేగం ఎక్కువ గాని దూరం తక్కువ. కరెంటు పోయినప్పుడు రౌటరుకు, ఫైబరు పెట్టెకు రెండింటికీ చిన్న బ్యాటరీ ఉండాలి. ఒకదానికి ఉండి రెండవదానికి లేకపోతే ప్రయోజనం లేదు.

నాలుగు, యాప్ నిద్రపోకుండా చూడండి. బ్యాటరీ పొదుపు కోసం ఫోను వెనుక ఉన్న యాప్‌లను నిద్రపుచ్చుతుంది. అప్పుడు రైతు చేసిన పిలుపు మోగదు, తరువాత ఎప్పుడో తప్పిన పిలుపుగా కనబడుతుంది. రైతు మాత్రం "అధికారి ఫోను ఎత్తలేదు" అనుకుంటాడు. బ్యాటరీ సెట్టింగ్సులో ఆ యాప్‌కు ఆంక్ష తొలగించండి. దానితోపాటు మీ మామూలు నంబరును కూడా కేంద్రం గోడ మీద పెద్ద అంకెలతో రాయించండి.

గాలివాన వచ్చినప్పుడు

ఈ మూడు దారులకూ వెనుక ఉన్నది టవరు గాని, తీగ గాని. టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ మీద, డీజిలు మీద కొంతసేపు నడుస్తుంది, తరువాత ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు, స్తంభాలతో పాటు ఫోనులూ మూగబోయిన సంగతి ఉత్తరాంధ్ర రైతులు మరచిపోలేదు. కనుక తుపాను హెచ్చరిక రాగానే ఫోను నిండా ఛార్జి చేయండి, అవసరమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి, రేడియోకు కొత్త సెల్సు వేయండి. గాలివాన నాడు వీడియోలు మానండి. దారి ఇరుకైనప్పుడు లిఖిత సందేశం పంపండి. మాట పోని చోట కూడా సందేశం ఆలస్యంగానైనా చేరుతుంది. కారణం ముందే చెప్పాను, దాని సంచి పోతే మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది.

ముఖం చూచి మోసపోవద్దు

యాప్‌లో ఎవరైనా ఎవరి బొమ్మనైనా పెట్టుకోవచ్చును, అధికారి పేరూ పెట్టుకోవచ్చును. "మీకు రైతు సొమ్ము పడవలసి ఉన్నది, ఓటీపీ చెప్పండి" అని గాని, "మీ ఫోను తెర మాకు చూపించండి" అని గాని ఎవరు అడిగినా వెంటనే పెట్టేయండి. నిజమైన ఉద్యోగి ఓటీపీ అడగడు. అనుమానం ఉంటే కేంద్రం గోడ మీద రాసిన మామూలు నంబరుకు మీరే ఫోను చేసి కనుక్కోండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మోతాదు చెప్పే పద్ధతి

చివరగా మొదటి సంగతికి వస్తాను. యంత్రం ఎంత మంచిదైనా సంచులు పోక తప్పదు. పోయిన దానిని పట్టుకునే పద్ధతి మన మాటలోనే ఉన్నది. ఆ మిరప రైతుతో అనుభవం అయిన తరువాత నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. మీకూ మనవి చేస్తున్నాను.

మొదటి నియమం, అంకెను రెండు విధాల చెప్పాలి. "ఇరవై" అని ఊరకుండక, "ఇరవై, రెండు పక్కన సున్నా" అనండి. రెండు విధాలా ఒకేసారి చెడవు. ఒకటి చెడినా రెండవది పట్టిస్తుంది.

రెండవ నియమం, విన్నవారు తిరిగి చెప్పాలి. మందు పేరు, మోతాదు, ఎన్ని లీటర్ల నీటికి, ఎన్ని ట్యాంకులు, ఈ నాలుగూ రైతు తన నోటితో అప్పగించిన తరువాతనే ఫోను పెట్టాలి. ఉద్యోగి తొందరలో ఉంటే రైతే పట్టుబట్టి అప్పగించాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

మూడవ నియమం, మాట తరువాత రాత. మోతాదును అంకెలలో రాసి సందేశం పంపాలి. చదువురాని వారు ఇంట్లో చదివే పిల్లలచేత చదివించుకోవాలి. డబ్బా మీది చీటీతో సరిపోల్చాలి. రెండూ కలవకపోతే మందు కలపవద్దు, మళ్ళీ ఫోను చేయండి. ఒక పూట ఆలస్యమైనా తోట బతుకుతుంది.

ఇప్పుడు ఆ రైతు నాకు ఫోను చేసినప్పుడు నేను అడగకముందే, "ఇరవై, రెండు పక్కన సున్నా, అంతేనా సారూ?" అని తానే అంటాడు. ఆ మాట వినగానే నాకు నిశ్చింత.

మీ ఇంట్లో ఈ పూటే ఒక పని చేయండి. ఫోనులో వోల్టీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పొలంలో ఏ గట్టు మీద నిలబడితే మాట అందుతుందో రేపు పోయి చూచుకోండి. 108, 112, 1800-180-1551 నంబర్లు బొగ్గుతోనైనా సరే మోటారు కొట్టం గోడ మీద రాయండి.